లూనిజానాలో నాలుగు రోజులు: కుర్రాళ్ల సైకిల్ రేసు చూసొచ్చాం

మిలాన్‌లో చదువుకుంటున్న మా తమ్ముడికి సైకిల్ పిచ్చి. "అక్కా, జీరో దెల్లా లూనిజానాకి వెళ్దాం" అన్నాడు. జీరో అంటే ఇటాలియన్‌లో చుట్టి రావడమట. నేను సున్నా అనుకున్నాను. సెప్టెంబర్ మొదట్లో జరిగే ఈ రేసు 17, 18 ఏళ్ల కుర్రాళ్లది. ఇప్పుడు సైక్లింగ్‌లో పెద్ద పేర్లయిన పొగాచర్ 2016లో, ఎవెనెపోల్ 2018లో గెలిచింది ఇదే. ఇటలీ కుర్రాళ్లు టస్కనీ, లొంబార్డీ అంటూ తమ తమ ప్రాంతాల జట్లలో వస్తారు, బయటివాళ్లు దేశం జెర్సీలో. మన రంజీ జట్లు విదేశీ జట్లతో ఒకే టోర్నీ ఆడినట్టన్నమాట. టికెట్ లేదు, రోడ్డు పక్కన నిలబడితే చాలు.

లూనిజానా అంటే మాగ్రా నది లోయ. సగం కొండలు, కిందకి దిగితే సముద్రం. బస విషయంలో మొదటి రాత్రే పొరపాటు చేశాం. టూరిస్టులు ఎగబడే సముద్రతీరపు ఊళ్లు చింక్వే తెర్రె దగ్గరని లా స్పెజియాలో గది తీసుకున్నాం. సూట్‌కేసుల చప్పుడు అర్ధరాత్రి దాకా ఆగలేదు. పైగా గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. మర్నాడే సర్జానాకి మారాం. రైల్లో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. పాత ఊరు, కోట, పొద్దున్నే తెరిచే కాఫీ బార్లు. కిటికీలోంచి కొండల మీద తెల్లగా కనిపిస్తే మంచు అనుకున్నాను. కాదు, కరారా పాలరాయి గనులు. మళ్లీ వెళ్తే నేరుగా సర్జానాలోనే దిగుతాను.

తిండికి బాధ లేదు గానీ, మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటగదులు మూసేస్తారు, మళ్లీ ఏడున్నరకే. స్టేజ్, అంటే ఆ రోజు రేసు, అయ్యేదాకా నిలబడి వచ్చేసరికి మాకు రెండుసార్లు చిప్సే దిక్కయ్యాయి. టెస్టరోలి మాత్రం తినాల్సిందే. ఇనప పెనం మీద పిండి పోసి దోసెలా కాలుస్తారు. తర్వాత ముక్కలు కోసి, వేడినీళ్లలో ముంచి తీసి, పైన పెస్తో అనే బాసిల్ ఆకుల పచ్చడి వేస్తారు. కాల్చిన దోసెని నీళ్లలో ముంచడమేంటని మొహం చిట్లించాను. తిన్నాక ఇంకో ప్లేట్ చెప్పాను. బిల్లులో "కోపెర్తో" అని మనిషికి కొంత వేస్తారు. కూర్చున్నందుకు అనుకోండి, మోసమేం కాదు.

స్టార్ట్, ఫినిష్ రెండూ చూశాం. ఫినిష్‌లో స్క్రీన్ ముందు గంటసేపు నిలబడితే చివరికి అర నిమిషం సందడి. ఎక్కుడు రోడ్డు మీద చూడటమే మేలు. ఆదివారం కొండ మీది ఊరు ఫోస్దినోవో ఎక్కుదామని బస్టాపుకి వెళ్లాం. బోర్డు మీద "ఫెరియాలే" అని ఉంటే సెలవురోజు అనుకున్నాం. ఫెరియాలే అంటే పనిరోజులట, ఆదివారానికి "ఫెస్తీవో" చూడాలి. అందులో మాకు పనికొచ్చే బస్సు ఒక్కటీ లేదు. టెన్షన్‌గా నిలబడి ఉంటే ఫియట్ పాండా కారులో వెళ్తున్న ఓ పెద్దాయన ఆపి ఎక్కించుకున్నాడు. ఆయనా రేసుకే.

మలాస్పీనా కోటకి కాస్త కింద, మలుపులో ఆగాం. ఎర్రజెండా కారు వెళ్లిందంటే రోడ్డు మూసినట్టే. తర్వాత ముందు ముగ్గురు, ఆ వెనక గుంపు. ఇక్కడ వాళ్ల ఊపిరి చప్పుడు కూడా వినిపిస్తుంది. నల్ల షార్ట్స్ మీద ఉప్పు చారలు, విప్పేసిన జిప్పులు, మీసమైనా సరిగా రాని మొహాలు. గుంపు వెళ్లాక పావుగంటపాటు ఒక్కొక్కరే వస్తూనే ఉన్నారు. బాగా వెనకబడిన కుర్రాడొకడు మా వైపు చూసి "క్వాంతో మంకా?" అన్నాడు. ఇంకెంత ఉందని. పెద్దాయన తడుముకోకుండా "ఒక్క కిలోమీటరే!" అన్నాడు. తమ్ముడు ఫోన్‌లో చూస్తే రెండున్నర. తిరుమల మెట్లెక్కేవాళ్లకి దిగేవాళ్లు చెప్పే లెక్కే. ఆ కుర్రాడు మాత్రం నమ్మి, సీటు మీంచి లేచి తొక్కాడు.

పచ్చజెండా కారు వెళ్లి రోడ్డు తెరిచాక, పెద్దాయన మమ్మల్ని అడక్కుండానే మళ్లీ కారెక్కించుకున్నాడు. సర్జానా ఎంత దూరమని అడిగాను. నవ్వి, ఒక్క కిలోమీటరేనన్నాడు.