బాలెనోకి 17 అంగుళాల అల్లాయ్‌లు: అందం సరే, మైలేజీ మాటేమిటి?

ముందు తీర్పు చెప్పేస్తాం, లెక్కలు తర్వాత. 15 అంగుళాల స్టీలు రిమ్ములతో వచ్చిన మారుతి బాలెనో లాంటి కార్లకు విశాఖ షాపుల్లో వేసే 17 అంగుళాల అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమ) రిమ్ము, 205 మి.మీ. వెడల్పు టైరు సెట్టు చూడ్డానికి బాగుంటుంది. మలుపుల్లో బండి ఒరగకుండా నిలబడుతుంది. మైలేజీ మాత్రం లీటరుకి ఒక కిలోమీటరు అటూ ఇటూ తగ్గుతుందని ముందే ఖాయం చేసుకోవాలి. అందరూ నింద రిమ్ము బరువు మీద వేస్తారు గానీ, పెట్రోలు ఎక్కువగా తాగేది టైరు, అందులో తగ్గిన గాలి. సైజు తప్పుగా ఎంచుకుంటే మీటరు కూడా అబద్ధం చెప్తుంది.

సైజుతో మొదలుపెడదాం. కంపెనీ టైరు 185/65 ఆర్15. వెడల్పు 185 మి.మీ., టైరు పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మి.మీ. పైనా కిందా కలిపి 240.5, మధ్యలో రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. చక్రం మొత్తం వ్యాసం 621.5 మి.మీ. ఇదే లెక్క 195/55 ఆర్16కి కడితే 621 వస్తుంది. తేడా లేనట్టే. బాలెనో పై వేరియంట్లకు కంపెనీయే ఇచ్చే సైజు అది. 205/45 ఆర్17 అయితే 616, 205/50 ఆర్17 అయితే 637.

ఆ చివరి సైజుతోనే తంటా. "గోడ కాస్త ఎక్కువుంటే గుంతల్లో మెత్తగా ఉంటుంది సార్" అని షాపులో 205/50 చూపిస్తారు. మెత్తగా ఉండే మాట నిజమే. కానీ చక్రం చుట్టుకొలత రెండున్నర శాతం పెరుగుతుంది. ఓడోమీటరు తిరిగిన చుట్లనే లెక్కపెడుతుంది కాబట్టి, అది 400 కిలోమీటర్లు చూపిస్తే బండి నిజంగా తిరిగింది 410. పాతిక లీటర్లు పోస్తే కాగితం మీద 16, అసలు 16.4. జరగని నష్టాన్ని కూడా నష్టంగా రాసుకుంటాం. 205/45లో కథ తిరగబడుతుంది. ఓడోమీటరు దాదాపు ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి తగ్గిన మైలేజీ కొంత కనపడకుండా పోతుంది. "17 వేయించినా ఏమీ తగ్గలేదు" అనే వాళ్లలో కొందరి ధీమా వెనక ఉన్నది ఇదే.

205/50తో అసలు నష్టం గేర్లలో ఉంది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ రెండున్నర శాతం పొడుగైనట్టే. ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లి బైపాస్ మీద అయిదో గేరులో ఇంజిను చుట్లు కాస్త తగ్గి ఓ మోస్తరు మేలే జరుగుతుంది. సింహాచలం కొండెక్కేటప్పుడు, అనంతగిరి ఘాట్‌లో అరకు వైపు వెళ్లేటప్పుడు మాత్రం రెండో గేరులో గుంజుకుపోయే చోట మొదటి గేరు అడుగుతుంది. 1.2 లీటర్ల ఇంజినుకి అంత మిగులు బలం ఉండదు. 205/50 వద్దు అనేది మా మాట.

ఇక బరువు. "చక్రంలో ఒక కిలో అంటే బండిలో పది కిలోలతో సమానం" అని అల్లాయ్ షాపుల్లో తరచూ వినిపించే మాట. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. దొర్లే చక్రంలో బరువంతా అంచునే ఉందనుకున్నా, వేగం అందుకునేటప్పుడు అది రెట్టింపుగా మాత్రమే లెక్కకొస్తుంది. రిమ్ము అంచుకి లోపలే ఉంటుంది కాబట్టి ఒకటిన్నర రెట్ల లోపే. 15 అంగుళాల స్టీలు రిమ్ము సుమారు 8 కిలోలు, టైరు ఏడున్నర. మామూలు పోత పోసిన 17 అంగుళాల అల్లాయ్ 10 కిలోల చుట్టుపక్కల, దాని టైరు 9. చక్రానికి మూడున్నర, నాలుగు కిలోలు ఎక్కువ, నాలుగింటికీ కలిపి 16 దాకా. తిరగడం వల్ల పడే అదనపు భారం కలుపుకున్నా డిక్కీలో ఎప్పుడూ ఓ 25 కిలోల బియ్యం బస్తా మోస్తున్నట్టు. అమెరికా ప్రభుత్వ అంచనాలో 45 కిలోలు పెరిగితే మైలేజీ ఒక శాతం తగ్గుతుంది. అంటే మనకి పడేది అర శాతం పైచిలుకు. మద్దిలపాలెం నుంచి గురుద్వారా, తాటిచెట్లపాలెం మీదుగా ఎన్‌ఏడీ జంక్షన్ దాకా ఆగుతూ కదులుతూ వెళ్లేవాళ్లకు ఇంకొంచెం. అంతే. అల్లాయ్ అంటేనే తేలిక అనుకోవడం కూడా పొరపాటు. అదే సైజు స్టీలు కంటే తేలిక కావచ్చు గానీ, రెండు సైజులు పెద్దదైన పోత అల్లాయ్ పాత స్టీలు రిమ్ము కంటే బరువే. ఫ్లో ఫార్మింగ్ (పోత పోశాక అంచుని రోలర్లతో సాగదీసి పలచగా చేసే పద్ధతి) రిమ్ములు తేలిగ్గా వస్తాయి, ధర మాత్రం బరువెక్కుతుంది.

కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2010లో ఒకే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌కి 15 నుంచి 19 అంగుళాల దాకా చక్రాలు మార్చి చూసింది. 15కీ 19కీ మధ్య మైలేజీ 10 శాతం పడిపోయింది, సున్నా నుంచి 60 మైళ్ల వేగం అందుకోవడానికి పట్టే సమయం మాత్రం 4 శాతమే పెరిగింది. నష్టమంతా బరువుదే అయితే ఈ రెండు అంకెలకీ మధ్య ఇంత దూరం ఉండాల్సిన పని లేదు.

మరి పోయింది ఎక్కడ? టైరు నేలకు తగిలిన చోట నొక్కుకుని, మళ్లీ లేచి, ఆ క్రమంలో వేడెక్కుతుంది. ఆ వేడి మన పెట్రోలే. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. అది 10 శాతం పెరిగితే ఇంధన ఖర్చు 1 నుంచి 2 శాతం పెరుగుతుంది. కంపెనీ కారుతో ఇచ్చే టైరు మైలేజీ పరీక్ష దృష్టిలో పెట్టుకుని తయారైంది, రబ్బరు తక్కువ వేడెక్కేలా ఉంటుంది. 17 అంగుళాల్లో బజార్లో దొరికే 205లు చాలావరకు పట్టు కోసం చేసినవి. వాటిలోనే రెండు బ్రాండ్ల మధ్య తేడా, 16కీ 17కీ ఉన్న తేడా కంటే ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి రిమ్ము డిజైన్ మీద గంటసేపు చర్చించి, టైరు దగ్గరకొచ్చేసరికి "ఏదో మంచిది వేసెయ్" అనడం తలకిందుల బేరం. టైర్లకు కూడా బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ ఉంది. ఫ్రిజ్జుకి అడిగినట్టే టైరుకీ అడగండి. ఎక్కువ స్టార్లంటే తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్.

ఒక చిన్న న్యాయం కూడా చెయ్యాలి. అరిగిన టైరు కంటే కొత్త టైరు ఎక్కువ పెట్రోలు తాగుతుంది, ఎందుకంటే తొక్కుడు భాగంలో రబ్బరు మందంగా ఉంటుంది. నలభై వేల కిలోమీటర్లు అరిగిన 15తో నిన్న దిగిన 17ని పోలిస్తే, ఆ తేడా మొత్తం సైజు ఖాతాలో రాయకూడదు.

గాలి దగ్గర విశాఖకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. నాలుగు టైర్లలోనూ సగటున గాలి ఒత్తిడి 1 పీఎస్ఐ (గాలి పట్టేటప్పుడు చెప్పే అంకె) తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతుంది. వినడానికి చిన్నదే. కానీ అల్లాయ్ రిమ్ములో టైరు అంచు కూర్చునే చోట పెయింటు లేచిందంటే, ఉప్పుగాలికి అల్యూమినియం తెల్లగా పొడిబారి, గాలి సన్నగా కారుతుంది. పంక్చర్ షాపులో నీళ్లలో ముంచితే మేకు కనపడదు, అంచు చుట్టూ చిన్న బుడగలు వస్తాయి. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట పార్క్ చేసే బండ్లకు ఈ ముప్పు ఎక్కువ. వారానికి 2, 3 పీఎస్ఐ పోయే టైరుని నెలకోసారి చూస్తే 8, 10 తక్కువతో తిరుగుతున్నట్టే. నాలుగూ అలాగే ఉంటే 2 శాతం మైలేజీ అక్కడే హరీ. ట్యూబు వేసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టైరు విప్పి, ఆ తెల్ల పొడిని సన్నటి ఎమరీతో గీకి, శుభ్రంగా తుడిచి, బీడ్ సీలర్ (టైరు అంచు దగ్గర గాలి కారకుండా రాసే పూత) రాసి మళ్లీ ఎక్కిస్తే ఆగుతుంది. డైమండ్ కట్ (ముఖాన్ని మెషీన్‌తో మెరిసేలా కోసిన) డిజైన్లలో పై లక్కరుకి గీత పడితే దాని కింద పురుగు పాకినట్టు తెల్ల చారలు వస్తాయి. సముద్రం పక్కన ఉండేవాళ్లు పూర్తిగా పెయింటు చేసిన రిమ్మే తీసుకోవాలి, వారానికోసారి మంచినీళ్లతో కడగాలి.

ఎంత గాలి పెట్టాలన్నదీ తెలుసుకోవాలి. 185/65 ఆర్15కి లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే సంఖ్య) 88, అంటే టైరుకి 560 కిలోలు. 205/45 ఆర్17 మామూలు రకంలో 84, అంటే 500 కిలోలే. ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) అని రాసి ఉన్న రకంలో 88 ఉంటుంది, అది తీసుకోవాలి. అయితే ఎక్స్ఎల్ టైరు ఆ బరువు మోయాలంటే మామూలు దానికంటే ఎక్కువ గాలి కావాలి. డోరు స్టిక్కరు మీద ఉన్న అంకెకి 3 పీఎస్ఐ కలిపి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. షాపువాళ్లు కుదుపు తెలియకుండా ఉండాలని 28, 30 పెట్టి పంపిస్తారు. మైలేజీకీ దెబ్బ, గుంతలో పడితే రిమ్ముకీ దెబ్బ. గోడ 120 మి.మీ. నుంచి 92కి తగ్గిందని మర్చిపోకూడదు. వానాకాలంలో గాజువాక, షీలానగర్ వైపు లారీలు తిరిగే రోడ్ల మీద నీళ్లు నిండిన గుంతలో 17 పడితే రిమ్ము అంచు వంగడం, టైరు గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు రావడం రెండూ జరుగుతాయి. ఉబ్బు వచ్చిన టైరుకి మరమ్మతు లేదు.

బిగింపులో చూసుకోవాల్సినవి: నట్ల కొలత 4×100 (నాలుగు నట్లు, అవి ఉండే వృత్తం వ్యాసం 100 మి.మీ.), రిమ్ము హబ్ మీద కూర్చునే మధ్య రంధ్రం 54.1 మి.మీ. బయటి అల్లాయ్‌లకు మధ్య రంధ్రం 67 లేదా 73 ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ నింపే సరైన హబ్ రింగులు లేకుండా వేయించుకోవద్దు. లేకపోతే 80, 90 వేగంలో స్టీరింగ్ వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. మారుతి నట్టు ఎం12×1.25, అంటే 12 మి.మీ. మందం, మర పిచ్ (మరల మధ్య దూరం) 1.25 మి.మీ. హ్యుందాయ్‌ది 1.5 పిచ్, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, ఎయిర్ గన్‌తో బలవంతంగా ఎక్కిస్తే మర చెడిపోతుంది. ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే చోటుకి ఉన్న దూరం) కంపెనీ అంకెకి దగ్గరగా ఉండాలి. అది ఎన్ని మి.మీ. తగ్గితే చక్రం అంత బయటికి వస్తుంది, అయిదుగురు ఎక్కితే వెనక ఫెండరుకి రాసుకుంటుంది. టైర్లు ఎక్కాక అలైన్‌మెంట్ తప్పదు. టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా ఉంటే టైరు పక్కకి ఈడ్చుకుంటూ దొర్లుతుంది, పెట్రోలూ పోతుంది, టైరూ పోతుంది. నూరు కిలోమీటర్లు తిరిగాక మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) నట్లు మళ్లీ చూడాలి. రిమ్ము మీద ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూడండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

డబ్బు లెక్క ఇదీ. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే బండికి మైలేజీ 17 నుంచి 16కి దిగితే 44 లీటర్లు అదనం. లీటరు 108 రూపాయలనుకుంటే 4,750 పైనే. నిజానికి ఇది 17 సెట్టు ధరలో చిన్న ముక్క. మైలేజీ భయంతో ఆగాల్సిన పని లేదు, గుంతల భయంతో ఆగితే అర్థం ఉంది. అందం కావాలి, తలనొప్పి వద్దు అనుకుంటే 16 అంగుళాలకు 195/55, మంచి స్టార్లున్న టైరుతో వేయించుకోండి. మీటరు మారదు, గోడ 107 మి.మీ. మిగులుతుంది, మైలేజీ తేడా కాగితం మీద వెతికితే తప్ప తెలీదు. 17కి మేం ఇచ్చే మార్కులు అయిదుకి రెండున్నర, 16కి నాలుగు.

నష్టం కొలవాలంటే డాష్‌బోర్డు అంకె చాలదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఆటో కట్ అయ్యేదాకా నింపి, కనీసం మూడు ట్యాంకులు తిరగాలి. ముందుగా హైవే మీద పది కిలోమీటర్లు జీపీఎస్‌తో ఓడోమీటరుని సరిచూసుకుని, ఆ తేడా ప్రతి లెక్కలోనూ కలపాలి.

పాత రిమ్ములు షాపుకి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసినా స్టెప్నీ 15 అంగుళాలదే మిగులుతుంది. దానికి పాత స్టీలు రిమ్ము నట్లు నాలుగు డిక్కీలో ఉంచుకోండి, కొన్ని అల్లాయ్ నట్లు స్టీలు రిమ్ములో సరిగ్గా కూర్చోవు. 205/45తో స్టెప్నీ వ్యాసం తేడా 5 మి.మీ. మాత్రమే, ఇంటికి చేరడానికి ఇబ్బంది లేదు. 205/50 వేయించినవాళ్లు మాత్రం స్టెప్నీని ముందు చక్రానికి వేయకూడదు. ముందుది పంక్చరైతే వెనక నుంచి ఒకటి ముందుకి తెచ్చి, స్టెప్నీ వెనక బిగించాలి. లేకపోతే ముందు రెండు చక్రాలకీ ఇంజిను బలాన్ని పంచే డిఫరెన్షియల్ గేర్లు దారి పొడవునా తిరుగుతూనే ఉంటాయి.