నాలుగేళ్ల ఆదివారం మాత్ర

అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు, ఎముకలు గుల్లబారకుండా వేసుకునే మాత్ర, వారానికొకటి. నాలుగేళ్లకు పైగా వేసుకున్నాను. ఎముకల మాత్ర సంగతి తెలియనివాళ్లు నా ఈడులో అరుదు కాబట్టి దాని గుణగణాల జోలికి పోను. నా గొడవంతా తొడల గురించే.

మొదట్లో దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. బీపీకి, థైరాయిడ్‌కి రోజూ మింగే దాన్ని, వారానికి ఒక్కటే అంటే సంబరంగా ఉండదూ! ఆదివారం పరగడుపున పెద్ద గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని, అరగంట నడుం వాల్చకూడదు, కాఫీ ముట్టకూడదు. మా ఆయన ఎదురుగా డికాక్షన్ దింపుతుంటే ఆ అరగంట ఎంత పొడుగో నాకే తెలుసు. ఒకసారి నిద్రమత్తులో మాత్ర వేసుకుని మళ్లీ పడుకున్నాను. గుండెల్లో మంట సాయంత్రం దాకా వదల్లేదు. అది నా తప్పే.

మూడో ఏడు నుంచి తొడల్లో, పిక్కల్లో సలుపు మొదలైంది. మెట్లెక్కితే అలిసిపోయానేమో అనుకున్నాను. ధనుర్మాసంలో ఒకరోజు వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు పెట్టాను. గీతలు కలిపాను, రంగూ నింపాను. తీరా లేవబోతే కాళ్లు నా మాట వినలేదు. చేతులు నేలకానించి ఎగలాగాను, కుదర్లేదు. గేటు దాకా జరుగుదామంటే మధ్యలో ముగ్గు. పాలబ్బాయి వచ్చి, "అమ్మమ్మా, చెయ్యివ్వనా?" అన్నాడు. అంతకు ముందురోజు దాకా ఆంటీ అనేవాడు. లేచాక నొప్పికంటే సిగ్గే ఎక్కువైంది. ఆ వేళ నుంచి వంటింట్లో ఎత్తు స్టూలు, బాత్రూమ్‌లో గోడకు పట్టుకునే రాడ్డు.

మాత్ర రాసిన డాక్టరు గారు, "వయసమ్మా, మరి" అని నవ్వేశారు. ఆ నవ్వు మీద నాకింకా కోపం పోలేదు.

ఆర్నెల్ల తర్వాత చూసిన ఇంకొకాయన మాత్రం చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమన్నారు. రెండోసారికే కూలబడ్డాను. రక్తపరీక్షలో విటమిన్ డి 11, అంటే బాగా తక్కువ. ఈ మందు మొదలుపెట్టే ముందే కాల్షియం, డి చూసుకుని తక్కువుంటే సరిచేయాలట. నాకెవరూ చూడలేదు. డి తగ్గితే ముందు నీరసించేది తొడలు, తుంటి దగ్గరి కండరాలేనట. ఇక సలుపు సంగతంటారా, ఈ రకం మందులతో ఎముకలు, కీళ్లు, కండరాలు తీవ్రంగా నొప్పి పెట్టొచ్చని, అది కొన్ని రోజులకైనా ఏళ్ల తర్వాతైనా రావచ్చని అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే హెచ్చరించిందట. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో చాలా అరుదుగా తొడ ఎముక చిన్నపాటి దెబ్బకే విరుగుతుందని, దానికి ముందు తొడలో సలుపు ఉండొచ్చని రెండు తొడలకీ ఎక్స్‌రే తీయించారు. రిపోర్టు వచ్చేదాకా ఆ రెండు గంటలూ దేవుళ్లందరికీ మొక్కాను. ఏమీ లేదన్నారు.

మాత్ర ఆపిన మూడు వారాలకు సలుపు సగానికి సగం తగ్గింది. లేవలేకపోవడం మాత్రం అలాగే ఉంది. అది డి పొడి, 60 వేల యూనిట్లది, వారానికొకటి పాలల్లో కలుపుకుని ఎనిమిది వారాలు తాగాకే దారికొచ్చింది. కాబట్టి నేరమంతా మాత్ర మీద తోసేద్దామన్నా మనసొప్పడం లేదు. పైగా ఎముక గట్టిదనం కొలిచే స్కాన్‌లో నడుం పూసల టీ స్కోరు మైనస్ 2.9 నుంచి మైనస్ 2.4కి వచ్చింది, అంటే మెరుగుపడింది. మొన్న వర్షాకాలం మెట్ల మీద జారి కూలబడితే ఒళ్లంతా కమిలిందే గానీ ఏదీ విరగలేదు. అది మాత్ర చలవో, నా ఒంటి కండ చలవో చెప్పలేను.

ఈ మందు ఆపినా కొన్నేళ్లు ఎముకలోనే ఉంటుంది కాబట్టి, ప్రస్తుతానికి ఆపి ఏడాది తర్వాత మళ్లీ స్కాన్ చేద్దామన్నారు. తుంటి విరిగిన చరిత్ర ఉంటే ఇంత తేలిగ్గా ఆపనిచ్చేవారు కాదట. నాకు విరిగింది మణికట్టే. మా అక్క ఏడాదికొక్కసారి పెట్టే, ఇదే రకం మందైన జోలెండ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ తీసుకుంది. రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు, తర్వాత హాయిగా తిరుగుతోంది. తన ఒళ్లు వేరు, నా ఒళ్లు వేరు. మా ఆడపడుచుకి ఇప్పుడు ఇదే మాత్ర రాశారు. వేసుకోవద్దని నేననలేదు, డి పరీక్షకు మాత్రం రేపు నేనే వెంటబెట్టుకుని వెళ్తున్నాను.