వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే: పిస్టన్ తిప్పే కిట్ చాలాకాలం వాడాక

ఈ పెట్టెలో ఇరవై పైచిలుకు ముక్కలున్నాయి. నేను వాడేవి నాలుగో ఐదో. మిగతావి కొన్ననాటి నూనె మెరుపుతోనే గూళ్లలో పడున్నాయి. ఆ నాలుగైదింటి కోసమే అయినా ఈ కిట్‌ను వదులుకోను. అలాగని గట్టి సరుకని మాత్రం అనలేను, ఎందుకో కింద చెప్తాను.

ముందు చక్రాల ప్యాడ్లు మార్చడం అలవాటైనవాళ్లకి వెనకవీ అంతే కదా అనిపిస్తుంది. పాత ప్యాడ్లు బయటికి లాగేదాకా అంతే. తేడా అంతా ప్యాడ్‌ని డిస్కుకేసి నొక్కే పిస్టన్ దగ్గరే. ముందు పిస్టన్‌ని సీ-క్లాంపు పెట్టి నొక్కితే బుద్ధిగా లోపలికి పోతుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్ నేరుగా వెనక క్యాలిపర్‌కే, అంటే పిస్టన్, ప్యాడ్లు ఉండే పట్టుకే, వచ్చే బండ్లలో అలా కుదరదు. పిస్టన్ లోపల మర ఉంటుంది. ప్యాడ్ అరిగేకొద్దీ ఆ మర తనంతట తానే సర్దుకుంటూ పిస్టన్‌ని ముందుకు జరుపుతుంది. ప్యాడ్లు సగం అరిగినా హ్యాండ్ బ్రేకు లివరు మరీ పైకి లేవకపోవడానికి కారణం అదే. అలా మర మీద బయటికొచ్చిన పిస్టన్‌ని మళ్లీ తిప్పుతూ, నొక్కుతూ లోపలికి పంపాలి. ఉత్తగా నొక్కితే అది కదలదు సరికదా, లోపలి మర దెబ్బతింటుంది. అక్కణ్నుంచి క్యాలిపర్ ఖర్చే.

తిప్పడం, నొక్కడం, రెండూ ఒకేసారి. చెప్పినంత తేలిక కాదది. కింద కూర్చుని, ఒక చేత్తో క్యాలిపర్ పట్టుకుని, రెండో చేత్తో పొడుగు ముక్కు ప్లయర్ కొసల్ని పిస్టన్ గాడుల్లో పెట్టి, అరచేత్తో నొక్కుతూ తిప్పుతుంటే పావు చుట్టుకోసారి జారుతుంది. జారినప్పుడు కొస తగిలేది పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగుకే, అంటే బూటుకే. అది చిరిగిందా, నీళ్లూ దుమ్మూ లోపలికి చేరి పిస్టన్ తుప్పుపడుతుంది.

నాకీ కిట్ మీదున్న మోజంతా అందులోని బోల్టు గురించే. దాని వెనకున్న ప్లేటు క్యాలిపర్ బయటి గోడకి ఆనుతుంది. కొసనున్న రెండు పిన్నుల ముక్క పిస్టన్ గాడుల్లో కూర్చుంటుంది. ఇక పిడి తిప్పుతూ పోవడమే. బోల్టు తిరుగుతూ పిస్టన్‌ని తిప్పుతుంది, ముందుకు జరుగుతూ దాన్ని నొక్కుతుంది. మన చేతిలో పడాల్సిన బరువంతా ప్లేటే మోస్తుంది. అప్పుడు తీరిగ్గా బూటు వైపు చూడొచ్చు, పిస్టన్‌తో పాటు అదీ మెలిపడుతోందా అని. మెలిపడుతుంటే ఆగి, అంచుని వేలితో కాస్త లేపి సర్ది మళ్లీ తిప్పుకోవచ్చు. ప్లయర్‌తో కుస్తీ పడేటప్పుడు ఇదంతా చూసే ఓపిక ఎవరికుంటుంది?

అన్నిటికన్నా నచ్చేది చివరి పావు చుట్టు. చాలా బండ్లలో లోపలి ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటుంది. అది పిస్టన్ మీది గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా నిలబడి ఒక పక్కే ఏటవాలుగా అరుగుతుంది. పిస్టన్ లోపలికి పోయాక గాడి సరిగ్గా బొడిపెకి ఎదురొచ్చేలా ఆపాలంటే ఈ పిడితో వెంట్రుకవాసి తేడా కూడా సర్దుకోవచ్చు.

ఎక్కువ బండ్లలో పిస్టన్ గడియారం ముల్లు తిరిగే వైపే లోపలికి పోతుంది. కొన్నిటిలో ఒక పక్క క్యాలిపర్‌కి ఎదురు మర ఉంటుంది. అందుకని కిట్‌లో కుడి మర బోల్టొకటి, ఎడమ మర బోల్టొకటి ఇచ్చారు. రెండోది నాకు ఇంతవరకు అవసరం పడలేదు.

ఇక విరిగిన సంగతి. మా బావమరిది పాత బండి, కుడి వెనక చక్రం. ప్యాడ్లు తీసి చూస్తే లోపలిది ఇనుప రేకు దాకా వచ్చేసింది, బయటిది సగం అలాగే ఉంది. ఇలా కనిపిస్తే క్యాలిపర్ జారే పిన్నులు పట్టేశాయని మొదట అనుమానించాలి. లాగి చూస్తే అవి హాయిగానే జారుతున్నాయి. సరే అని బోల్టు బిగించి తిప్పడం మొదలుపెట్టాం. అర చుట్టు తిరిగి పిస్టన్ ఆగిపోయింది. పిడి మీద ఇంకాస్త బలం వేసేసరికి టక్కుమని కిట్ ముక్క మీది ఒక పిన్ను మొదలుకంటా విరిగి డిస్కు మీద పడింది.

విరిగిన చోటు చూస్తే కథ అర్థమైంది. ఆ పిన్నులు ముక్కతో కలిపి చేసినవి కావు. ముక్కకి చిల్లులు కొట్టి, విడిగా గుచ్చి బిగించినవి. బలమంతా పడేది ఎక్కడో అక్కడే పొదుపు చేశారు! కిట్‌లో పిస్టన్‌కి ఆనే ముక్కలే పది పన్నెండున్నా రెండు గాడుల పిస్టన్‌కి సరిపోయేది అదొక్కటే. నాలుగు గాడులవి, పెద్ద వ్యాసానివి ఉన్నాయి గానీ అక్కడ దేనికీ పనికిరావు.

అయినా పిస్టన్ ఎందుకు ఆగినట్టు? క్యాలిపర్ వెనక హ్యాండ్ బ్రేకు కేబుల్ తగిలించే చిన్న లివరు ఉంటుంది కదా, హ్యాండ్ బ్రేకు దించే ఉన్నా అది పూర్తిగా వెనక్కి రాలేదు, వెనక్కొచ్చి ఆనాల్సిన బొడిపెకి కొంచెం ఎడంగా నిలబడిపోయింది. కేబుల్ తన గొట్టంలోనే తుప్పుపట్టి బిగుసుకుంది. అంటే ఆ చక్రానికి హ్యాండ్ బ్రేకు ఎప్పుడూ కాస్త వేసే ఉందన్నమాట. లోపలి ప్యాడ్ అంతలా అరగడానికీ, పిస్టన్ మొరాయించడానికీ కారణం ఒక్కటే. కేబుల్ కొస విప్పి, లివరు మొదట్లో తుప్పు వదిలించే నూనె కొట్టి, అటూ ఇటూ ఆడిస్తే కాసేపటికి అది దాని చోటికొచ్చింది. ఆ తర్వాత పిస్టన్ ప్లయర్‌కే లొంగింది. జారుతూ, తిట్లు తింటూనే అనుకోండి, కానీ లొంగింది. కేబుల్ మాత్రం కొత్తది వేయించాల్సి వచ్చింది.

పైన ఇంత పొగిడాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న పిస్టన్‌కి ఈ కిట్ సుఖమే తప్ప తప్పనిసరి కాదు. మొండికేసిన పిస్టన్ మీద బలానికి వాడబోతే ముందు విరిగేది కిట్టే. ఆ తర్వాత రెండు పిన్నుల ముక్కని ఒకే ఉక్కు దిమ్మ నుంచి తీసినది విడిగా కొన్నాను. మూడు బై ఎనిమిది అంగుళాల చదరపు రంధ్రం ఉన్నదైతే మామూలు రాచెట్‌కీ తగిలించుకోవచ్చు. ఇప్పటిదాకా అది చెక్కుచెదరలేదు.

మాటలో మాట, పిస్టన్ లోపలికి పోతుంటే పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరుగుతుంది. మధ్యలో ఎవరైనా నిండుగా పోసి ఉంటే పొంగి పెయింటు తినేస్తుంది. పని మొదట్లోనే మూత తీసి చూసుకుని, చుట్టూ గుడ్డ కప్పుతాను. బిగింపులన్నీ అయ్యాక హ్యాండ్ బ్రేకు ముట్టుకోకముందే పెడలు గట్టిపడేదాకా తొక్కుతాను. మొదటి తొక్కులకి పెడలు నేలదాకా పోతుంది. అది చూసి కంగారు పడక్కర్లేదు గానీ, అలా ఉండగా బండి కదిలించకూడదు.

ఇప్పుడు ఇంట్లో రెండో బండి వచ్చింది, దానికి స్విచ్చుతో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు. దాని దగ్గర ఈ కిట్ గొప్పేమీ లేదు. స్కానర్‌తోనో బండి మెనూలోనో సర్వీస్ మోడ్‌లో పెడితే మోటారే తన మరని వెనక్కి లాక్కుంటుంది, ఆ తర్వాత పిస్టన్‌ని తిప్పకుండా నేరుగా నొక్కితే చాలు. మోటారు వెనక్కి రాకుండా నొక్కితే మాత్రం గేర్లకి ముప్పు. దానికి నేను ఈ ప్లేటునే చదును ముక్కతో వాడుతున్నాను, అదే పని చిన్న క్లాంపూ చేస్తుంది.

నాది వెనక డిస్కులు, కేబుల్ హ్యాండ్ బ్రేకు ఉన్న బండి, అలాంటివే ఇంకో రెండు చుట్టాల ఇళ్లలో ఉన్నాయి. చదును నేల ఉంది, స్టాండ్లున్నాయి, ఈ పనంటే సరదా కూడా ఉంది. కాబట్టి నాకు గిట్టింది. ఒక్క బండి కోసమైతే ఇంత పెట్టె కొంటారో లేదో చూసుకోండి, మీ పిస్టన్‌కి ఎన్ని గాడులో తెలుసుకుని ఆ ఒక్క ముక్కా, బోల్టూ దొరికితే అదే మేలు. వెనక డ్రమ్ములున్నవాళ్లకి దీనితో పనే లేదు.