సోనీ ఆర్‌ఎక్స్‌100: కొత్తగా కెమెరా పట్టేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

సోనీ సంస్థ 2012 జూన్‌లో ప్రకటించిన ఆర్‌ఎక్స్‌100 ఇప్పుడు పాత కెమెరా కిందే లెక్క. అదే వరుసలో ఏడో తరం దాకా వచ్చేశాయి. అయినప్పటికీ, సెల్‌ఫోనుతో తృప్తిపడక విడిగా ఒక చిన్న కెమెరా కొనుక్కుని ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవారికి, సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ఈ మొదటి తరం కెమెరానే తీసుకోమని చెబుతాను. అయితే దీన్ని జూమ్ కోసం మాత్రం కొనకూడదు.

ముందు దీని బలం చెప్పాలి. జేబులో పట్టే మామూలు డిజిటల్ కెమెరాల సెన్సరుతో పోలిస్తే ఇందులోని సెన్సరు (లెన్సు గుండా వచ్చే కాంతిని బొమ్మగా పట్టే పలక) వైశాల్యం దాదాపు నాలుగు రెట్లు, కొలతల్లో 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. బ్యాటరీ, కార్డు కలుపుకొని 240 గ్రాములే ఉండే కెమెరాలో అంత సెన్సరు పెట్టడం ఆనాటికి విశేషం. 20.2 మెగాపిక్సెళ్ల బొమ్మలో ఒక మూలను కత్తిరించుకున్నా అచ్చుకు సరిపడే వివరం మిగులుతుంది.

పేచీ అంతా లెన్సుతోనే. జూమ్ ఏమాత్రం లాగనప్పుడు, అంటే 35 ఎంఎం ఫిల్ము కెమెరా లెక్కలో 28 మిల్లీమీటర్ల దగ్గర, దీని ఎపర్చరు, అంటే లెన్సులో కాంతి దూరే రంధ్రం, ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది; ఈ అంకె పెరిగినకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. జూమ్ పూర్తిగా లాగి 100 మిల్లీమీటర్లకు చేరేసరికి అది ఎఫ్ 4.9 దగ్గర ఆగిపోతుంది. ఎపర్చరు లెక్కలో చూస్తే సెన్సరుకు అందే కాంతి ఏడో వంతుకు పడిపోయినట్లే. ఆ లోటు పూడ్చుకోవడానికి కెమెరా ఐఎస్ఓను, అంటే కాంతికి స్పందించే సున్నితత్వాన్ని, పెంచుతుంది, లేదంటే షట్టరును ఎక్కువ సేపు తెరిచి ఉంచుతుంది. మొదటి దానివల్ల బొమ్మలో గరుకుదనం వస్తుంది, రెండో దానివల్ల కదిలే మనుషులు చెదిరిపోతారు. లెన్సులో ఉన్న స్టెడీషాట్ మన చేతి వణుకును సర్దగలదే గాని ఎదుటి పిల్లవాడి పరుగును ఆపలేదు. కాబట్టి సాయంత్రం వేళ గాని, ఇంట్లో గాని జూమ్ మీటను ముట్టకుండా రెండడుగులు ముందుకు నడవడమే ఈ కెమెరాతో మొట్టమొదట అలవరచుకోవలసిన పద్ధతి.

నడిచి దగ్గరకు వెళ్లలేని చోట్లూ ఉంటాయి. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిలో చూరు కింద నల్లరాతి మదనికలు తలెత్తి చూడవలసినంత ఎత్తులో ఉంటాయి కనుక అక్కడ జూమ్ తప్పదు. పైగా శిల్పం నీడలో ఉంటుంది, వెనుక ఆకాశం వెలుగుతూ ఉంటుంది. ఆటోలో పెట్టి నొక్కితే కెమెరా ఆ ఆకాశాన్ని లెక్కలోకి తీసుకుని శిల్పాన్ని నల్లటి ముద్దగా చూపే అవకాశమే ఎక్కువ. ఇటువంటి చోట ఎక్స్‌పోజరును ఒక స్టాప్ పెంచితే, అంటే కెమెరా తీసుకునే వెలుగును రెట్టింపు చేస్తే, ఆకాశం తెల్లబోయినా మదనిక నగలూ నడుము ఒంపూ కనబడతాయి. వచ్చింది వాటి కోసమే గనుక ఆకాశం పోయినందుకు బాధ లేదు. దీనికి తిరగబడ్డ సందర్భం పెళ్లి మండపం. వెనుక చీకటి, ముందు దీపాల వెలుగులో తెల్లని పంచె, మల్లెపూలు ఉన్నప్పుడు కెమెరా వెలుగు ఎక్కువగా తీసుకుని ఆ తెలుపులోని మడతలన్నీ చెరిపేస్తుంది. అక్కడ అరస్టాపో, ఒక స్టాపో తగ్గించాలి.

వెలుగును ఇలా పెంచే, తగ్గించే, ఇంత తరచుగా వాడవలసిన ఎక్స్‌పోజరు కాంపెన్సేషన్‌ను వెనుక ఉన్న చక్రం కింది భాగం నొక్కి వెతుక్కోవడం చిరాకు పని. లెన్సు చుట్టూ ఉన్న కంట్రోల్ రింగుకు మెనూలోకి వెళ్లి ఆ పని అప్పగించవచ్చు. ఈ ఒక్క మార్పుతో కెమెరా వాడుక స్వరూపమే మారిపోతుంది: ఎడమచేతి వేళ్లతో రింగు తిప్పుతూ వెలుగు పెరగడం, తగ్గడం తెరమీద అక్కడికక్కడే చూస్తాము గనుక, పుస్తకంలో ఎన్ని పేజీలు చదివినా పట్టుబడని విషయం వేళ్లకు అలవాటవుతుంది. రింగు తిరుగుతున్నప్పుడు టిక్కుటిక్కుమని ఆగే గాట్లు ఉండవు. అది నాకు నచ్చలేదు.

మొదటి రోజు చేయవలసిన తక్కిన పనులు కొద్దిపాటివే. తేదీ, సమయం సరిచేసి, కార్డును కంప్యూటరులో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేసుకోవాలి. తరువాత పైనున్న డయల్‌ను ఆటో నుంచి తప్పించి 'ఎ' (ఎపర్చరును మనమే ఎంచుకునే పద్ధతి) మీద పెట్టి, ఎపర్చరును వెలుతురు తక్కువైన చోట 1.8 దగ్గర, ఎండలో 4 దగ్గర ఉంచుకుంటే సగం అవసరాలు తీరుతాయి. పెద్ద కెమెరాలతో పోలిస్తే దీని సెన్సరూ చిన్నదే, అటువంటి కెమెరాల్లో ఎపర్చరును మరీ మూసినకొద్దీ బొమ్మ పదును తగ్గుతుంది కనుక 5.6 దాటి వెళ్లవలసిన పని అరుదు. పిల్లలు ఆడుకుంటుంటే 'ఎస్' (షట్టరు వేగాన్ని మనమే ఎంచుకునే పద్ధతి) మీదికి మార్చి సెకనులో 250వ వంతు పెట్టుకోవాలి. రా ఫైళ్ల (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ముడి బొమ్మల) జోలికి మొదట్లోనే వెళ్లనక్కరలేదు.

పట్టుకోవడానికి ఈ కెమెరా అంత హాయిగా ఉండదు. ఒళ్లంతా నున్నటి లోహం, ముందువైపు వేళ్లు ఆనడానికి గట్టు లేదు. చెమట పట్టే మన వేసవిలో మణికట్టు పట్టీ లేకుండా వాడడం సాహసమే. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. తెర కదలదు, తాకితే స్పందించదు. మిట్ట మధ్యాహ్నం తెర కనిపించాలంటే బ్రైట్‌నెస్‌ను ఎండకోసం ఉద్దేశించిన స్థాయికి మార్చుకోవాలి, అప్పుడు బ్యాటరీ తొందరగా అయిపోతుంది. వైఫై లేదు కనుక బొమ్మలు ఫోనులోకి చేరాలంటే కార్డ్ రీడరో, కంప్యూటరో కావాలి. ఫ్లాష్ మాత్రం చిన్నదైనా తెలివైనది: పైకి లేచిన తరువాత దాన్ని వేలితో వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు తెల్లటి పైకప్పుకు తగిలి మెత్తగా కిందికి దిగుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు బేరానికి ముందే మూడు నాలుగు సంగతులు చూసుకోవాలి. స్విచ్ వేయగానే లెన్సు తడబడకుండా బయటికి రావాలి, ముందున్న సన్నని రేకులు పూర్తిగా తెరుచుకోవాలి. 'ఎ' మీద ఎపర్చరు 11కి పెట్టి తెల్లగోడనో, ఖాళీ ఆకాశాన్నో తీసి పెద్దది చేసి చూస్తే లోపల దుమ్ము చేరి ఉన్నదీ లేనిదీ మచ్చలై బయటపడుతుంది. ఈ లెన్సును ఇంట్లో విప్పి తుడవడం కుదరదు కనుక మచ్చలుంటే వదిలేయడమే మంచిది. బ్యాటరీని కెమెరాలోనే ఉంచి మైక్రో యూఎస్‌బీ తీగతో చార్జ్ చేసే ఏర్పాటు కనుక ఆ రంధ్రం వదులైందేమో కూడా చూడాలి. పాత బ్యాటరీ గురించి దిగులు అవసరం లేదు. ఇందులో వాడే ఎన్‌పీ-బీఎక్స్1 రకాన్నే 2020లో వచ్చిన జెడ్‌వీ-1లోనూ వాడారు, అందుచేత కొత్తది దొరుకుతుంది.

వ్యూఫైండర్ లేనిదే కుదరదనేవారు ఇంకొంత డబ్బు కలిపి 2014లో వచ్చిన మూడో తరాన్ని చూడవచ్చు. దాని లెన్సు 24 నుంచి 70 వరకే వెళుతుంది గాని చివరి అంచున కూడా ఎపర్చరు 2.8 ఉంటుంది కనుక, జూమ్ విషయంలో నేను పైన చెప్పిన అభ్యంతరం దానికి చాలావరకు వర్తించదు. రామప్ప చూరు కింద మాత్రం ఆ 70 చాలదనిపిస్తుంది.