కేంబర్ బోల్టు: మంచి సరుకే, బిగింపు సరిగ్గా ఉంటేనే

స్విఫ్ట్ లాంటి చిన్న కార్లలో ముందు చక్రాలకి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో (పైనుంచి చూస్తే చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. కేంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండే కోణం; లోపలికైతే నెగటివ్, బయటికైతే పాజిటివ్) తేడా వస్తే అలైన్‌మెంట్ మిషన్ చూపిస్తుంది గానీ, తిప్పి సరిచేయడానికి అక్కడ ఏ బోల్టూ ఉండదు. అందుకే మన విజయవాడ ఆటోనగర్‌లో హైడ్రాలిక్ టూల్ పెట్టి స్ట్రట్‌నే (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన నిలువు కాలు) వంచే పద్ధతి నడుస్తోంది. తెరమీద అంకె పచ్చగా మారుతుంది, నిజమే. ఆ బలమంతా స్ట్రట్ బ్రాకెట్ మీద, లోపలి రాడ్ మీద పడుతుంది. తర్వాత ఆయిల్ కారడం మొదలైతే షాకబ్జార్బర్ పాతదైందని సరిపెట్టుకుంటాం. స్ట్రట్ కన్నాన్ని గ్రైండర్‌తో సాగదీయడం ఇంకా అన్యాయం.

దానికి బదులు స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రాన్ని మోసే ఇనుప భాగం) పట్టి ఉంచే రెండు బోల్టుల్లో పైదాని చోట కేంబర్ బోల్టు వేసి, టైర్లు మార్చాల్సి వచ్చేంత కాలం నడిపాక రాస్తున్న సంగతులివి. టైరు లోపలి అంచు తినేసే జబ్బు పోయింది. టైరు అడ్డంగా ఒకేలా అరిగింది.

ఈ బోల్టు నడుమభాగం ఒక పక్కకి ఉబ్బి ఉంటుంది. తల తిప్పితే ఆ ఉబ్బు నకిల్‌ని లోపలికో బయటికో నెడుతుంది. రెండు బోల్టుల మధ్య దూరం 55 మిల్లీమీటర్లు అనుకుంటే, పైన ఒక్క మిల్లీమీటరు జరిగితే దాదాపు ఒక డిగ్రీ మారినట్టే. సౌకర్యమూ అదే, ప్రమాదమూ అదే. అర మిల్లీమీటరు జారితే అర డిగ్రీ పోయింది. కరకట్ట రోడ్డు గుంతల్లో పడ్డప్పుడు కేంబర్‌ని కదలకుండా పట్టి ఉంచేది ఆ ఉబ్బు కాదు, రెండు ఇనుప ముఖాల మధ్య బిగింపే.

కాబట్టి బిగించే ముందు స్ట్రట్ బ్రాకెట్ లోపలి ముఖాల మీదున్న తుప్పు, మట్టి, పొరలుగా లేస్తున్న పెయింటు వైర్ బ్రష్‌తో తీసేయాలి. అక్కడ గ్రీజు ఒక్క చుక్క కూడా ఉండకూడదు. సైజు కొలిచి కొనాలి. 12, 14, 16 మిల్లీమీటర్లు ఇలా రకరకాలుగా వస్తాయి. ఇది అసలు బోల్టుకన్నా సన్నం కనక, కంపెనీ మాన్యువల్‌లోని టార్క్ (బిగింపు బలం) దీనికి పనికిరాదు, ప్యాకెట్ మీదున్న అంకే పెట్టాలి. బిగించే గాలి గన్‌తో కాదు, టార్క్ రెంచ్‌తో. పాత నట్టు మళ్లీ వాడొద్దు. బిగించాక బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయించండి. వెయ్యి కిలోమీటర్లయ్యాక చక్రం వెనక టార్చి వేసి చూస్తే గీత నిటారుగా ఉందో, విరిగిందో తెలిసిపోతుంది.

కేంబర్ ముందు, టో చివర. కేంబర్ మారితే టో దానంతటదే మారుతుంది. టో అయ్యాక టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) చెక్‌నట్ బిగించారో లేదో, దాని రబ్బరు బూటు మెలిపడిందో లేదో వంగి చూడాలి. నెగటివ్ వైపు ఎక్కువ తిప్పితే టైరు స్ట్రట్‌కి దగ్గరవుతుంది, వేలు పెట్టి సందు చూడండి. ప్రింటవుట్‌లో మైనస్ 0.50 అంటే అర డిగ్రీ. సున్నా డిగ్రీల 50 నిమిషాలంటే (డిగ్రీకి 60 నిమిషాలు) 0.83 డిగ్రీ. ఈ రెండూ కలిపేసి చదివేవాళ్లు చాలామంది. కుడి ఎడమల తేడా అర డిగ్రీ దాటితే కారు పాజిటివ్ ఎక్కువున్న వైపు లాగుతుంది.

ఒక పక్క ఎంత ప్లస్ అయిందో రెండో పక్క అంతే మైనస్ అయితే కేంబర్ బోల్టు జోలికి వెళ్లొద్దు. అది సబ్‌ఫ్రేమ్ (లోయర్ ఆర్మ్‌లు బిగించే కింది చట్రం) పక్కకి జరిగిన లక్షణం, దాని బోల్టులు వదులు చేసి నడుమకి తేవాలి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందనుంచి పట్టి ఉంచే చేయి) వంగినా, దాని చివరి బాల్ జాయింట్ ఆడుతున్నా ముందు అవి మార్చాలి. వంగిన భాగాన్ని కేంబర్ బోల్టుతో కప్పిపెట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే.

లోయర్ ఆర్మ్ బోల్టుల సంగతి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో నానిన కార్లలో ఆ బోల్టు, బుష్ (ఆర్మ్ కీలులోని రబ్బరు) లోపలి గొట్టం తుప్పుతో ఒకటై ఉండొచ్చు. గుర్తు ఇది: స్పానర్ వేస్తే తల కాస్త తిరిగి, వదలగానే స్ప్రింగులా వెనక్కొస్తుంది. అంటే బోల్టు కాదు, రబ్బరు మెలి తిరుగుతోంది. బలవంతం చేస్తే ఛాసిస్‌లో వెల్డింగ్ చేసిన నట్టు ఊడి లోపలే తిరుగుతుంది, ఇక పని పెద్దదైపోతుంది. రాత్రంతా రస్ట్ స్ప్రేలో నాననిచ్చి, ముందు కొద్దిగా బిగించి తర్వాత వదులు చేయాలి. రాకపోతే బుష్‌కి రెండు పక్కలా సన్నని డిస్క్‌తో కోయడమే. కొత్త బుష్, బోల్టు, నట్టు చేతిలో ఉంచుకునే పని మొదలుపెట్టండి. బోల్టు తలమీద 10.9 అనుంటే (అది గట్టిదనం గ్రేడు) 8.8 వేయనివ్వొద్దు. ఆఖరి బిగింపు కారు బరువు చక్రాల మీదున్నప్పుడే. వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

కేంబర్ బోల్టులో నచ్చనిది దాని చెవి వాషర్ (అంచున చిన్న నాలుక ఉన్న వాషర్). మరీ పల్చన, ఎక్కువ బిగిస్తే చెవి వంగి పట్టు తప్పుతుంది. స్ట్రట్ మార్చినప్పుడల్లా బోల్టు సెట్ కూడా కొత్తదే వేయించండి.