ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీద బయాలజీ ట్యూషన్: డీఎన్‌ఏ రిపేర్ నాకు ఇక్కడే అర్థమైంది

మూడు నెలలు వెళ్ళాను, శ్రీకాకుళంలో ఎంఎస్సీ ఎంట్రన్స్‌కి చదివీవాళ్ళుంటే కళ్ళు మూసుకుని జాయినైపోండి. అంతకుముందు వేరే ఊళ్ళో ఒక కోచింగ్‌లో చేరితే ఈ చాప్టర్‌కి పేర్లు బట్టీ పట్టించి బిట్లు పెట్టీసేవారు, ఎందుకు సార్ అనడిగితే టైం లేదనీవారు, ఫీజంతా ముందే కట్టీసాను, చాలా బాధేసింది.

ఇక్కడ సార్ మొదటి రోజే "ఎండలో అరసవల్లి గుడి దాకా నడిచెళ్ళొచ్చారనుకోండమ్మా, మీ చర్మంలో ఏటి జరిగింది?" అన్నారు. ఎవరం చెప్పలేదు. బోర్డు మీద తెల్ల సుద్దతో నిచ్చెనలా డీఎన్‌ఏ గీసి పక్కపక్కనున్న రెండు థైమీన్‌లని (డీఎన్‌ఏ రాతలో ఉండే నాలుగు అక్షరాల్లో ఒకటి) ఎర్ర సుద్దతో కలిపీసారు, అల్ట్రావయొలెట్ చేసే పని అదీ, అక్కడ పోగు వంకర తిరిగిపోతాది, కాపీ తీసే ఎంజైమ్ వచ్చి ఆగిపోతాది. చాలా బ్యాక్టీరియాకి, మొక్కలకి ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ ఉంది, అది వెలుతురు శక్తితోనే ఆ రెండిటినీ విడదీసేస్తుంది, మనకది లేదు. మరి మనకో అంటే, ఎర్ర మచ్చకి అటూ ఇటూ గీత కొట్టి ఆ ఒక్క పోగులోనే దాదాపు 30 న్యూక్లియోటైడ్ల (అంటే అన్ని అక్షరాల) ముక్క డస్టర్‌తో తుడిచీసి, ఎదుటి పోగు చూసుకుంటూ పచ్చ సుద్దతో నింపి, చివర్న లైగేస్ (కొసలు అతికించే ఎంజైమ్) అని రాసి అతికించారు. ఈ రిపేర్ పుట్టుకతోనే పనిచెయ్యని పిల్లలకి జీరోడెర్మా పిగ్మెంటోసమ్ వస్తుంది, ఎండే వాళ్ళకి శత్రువు, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్. అది చెప్పి సార్ కాసేపు మాట్లాడలేదు. ఈ రిపేర్ గుట్టు విప్పిన శాస్త్రవేత్త అజీజ్ సాంకర్‌కి 2015లో లిండాల్, మోడ్రిచ్‌లతో కలిపి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

మాది పొందూరు, నాన్న మగ్గం నేస్తారు. "పడుగులో పోగు తెగితే మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా" అనడిగారు. నేత ఆపీసి, అతికి, అప్పుడు మళ్ళీ నేస్తారు సార్ అన్నాను. "కణంలో పీ53 అనే ప్రోటీన్ చేయించేదీ అదే" అన్నారు. డీఎన్‌ఏకి దెబ్బ తగిలిన సంగతి ఏటీఎమ్, ఏటీఆర్ అనే కైనేజ్‌లు (కబురందించే ఎంజైమ్‌లు) పట్టి కబురు పెడితే పీ53 లేచి పీ21 అనే ఇంకో ప్రోటీన్‌ని తయారు చేయించి కణం విభజన ఆపిస్తుంది, అతుక్కోడానికి టైమిస్తుంది, అతకలేనంత పాడైతే ఆ కణాన్నే చంపించేస్తుంది. ఆ రాత్రి ఇంటికెళ్ళి నాన్న వేళ్ళే చూస్తూ కూర్చున్నాను.

రెండు పోగులూ ఒకేసారి తెగిపోయే కేసు మాత్రం ఒక్క క్లాసులో లాగించీసారు. పక్కన సిస్టర్ క్రొమాటిడ్ (అదే డీఎన్‌ఏకి తీసిన జంట కాపీ) ఉంటే దాన్ని చూసి తప్పుల్లేకుండా అతుకుతుంది, బీఆర్‌సీఏ2 అనే ప్రోటీన్ పని అక్కడే, లేకపోతే తెగిన కొసలు కలిపీడమే, దీనికి ఇంకో రెండు క్లాసులు కావాలి, సార్‌కి కూడా చెప్పాను. ఇన్వర్టర్ లేదు. సాయంత్రం బ్యాచ్‌లో కిటికీ ఎండ సరిగ్గా బోర్డు మీద పడతాది, వెనక నుంచి ఎర్ర సుద్ద కనబడదు, కాస్త ముందొచ్చి మొదటి రెండు బెంచీల్లో కూర్చోండి.