వేడెక్కే గ్రాఫిక్స్ కార్డు: పేస్ట్ మార్చాలా, ఫ్యాన్లు పెంచాలా, వాట్లు తగ్గించాలా?

గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతోందని ఎవరిని అడిగినా ముందు వచ్చే మాట ‘పేస్ట్ మార్పించు’. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా అంతే. పేస్ట్ అంటే చిప్ వేడిని దాని మీదున్న హీట్‌సింక్‌కు (వేడిని గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మకు) చేరవేయడానికి మధ్యలో పూసే ముద్ద. దాన్ని మార్చడం తప్పేమీ కాదు. కానీ మే, జూన్ నెలల్లో మన జిల్లాల్లో కార్డుకు పట్టే వేడికి అది మొదటి మందు కాదని నా అభిప్రాయం. ముందు కార్డు తాగే వాట్లు తగ్గించాలి. తర్వాత గాలి దారి చూడాలి. పేస్ట్ జోలికి వెళ్లేది ఆ తర్వాతే, అదీ అవసరమని తేలితేనే.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఫ్యాన్ వేగం, వాడే కరెంటు మారకపోతే కార్డు వేడి ఎప్పుడూ గది వేడి కంటే దాదాపు ఒకే తేడాతో పైన ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో గది 27 డిగ్రీలున్నప్పుడు ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 72 చూపించిందనుకోండి. తేడా 45. అదే కార్డు, అదే పని, రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి గది 39 ఉంటే కార్డు 84కి చేరుతుంది. దానికి కొత్తగా రోగమేమీ రాలేదు, బయట పడమటి గాలి తోలుతోంది, అంతే. పక్కనే సముద్రం ఉన్నా ఆ గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి మధ్యాహ్నం దాటినా లోపలికి రాదు. ఒంగోలు, నెల్లూరు 44, 45 డిగ్రీలు చూసేది అలాంటి రోజుల్లోనే. ఎంత ఖరీదైన పేస్ట్ పూసినా గదిలో ఉన్న ఆ 39 తగ్గదు కదా.

పైగా 84 చూసి టెన్షన్ పడాల్సిన పనిలేదు. 3060కి ఎన్విడియా పెట్టిన గరిష్ఠ హద్దు 93 డిగ్రీలు, జీటీఎక్స్ 1650కి 92. చాలా ఏఎండీ కార్డుల్లో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు) 110 దాకా వెళ్లినా కంపెనీ లెక్కలో అది హద్దులోపలే. హద్దు దగ్గరపడేకొద్దీ కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గేమ్ ఆడేవాళ్లకు అది సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు) పడిపోవడంగా కనిపిస్తుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు రెండు గంటల్లో అయ్యే రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేసే పని) సాగుతూ పోతుంది. మన దగ్గర ముహూర్తాలు, మండే ఎండలు ఒకేసారి వస్తాయి కాబట్టి స్టూడియోల వాళ్ల బాధే ఎక్కువ.

ఏ మందు వేయాలో తేల్చుకునే ముందు వేడి ఎక్కడ ఆగిపోతోందో చూడాలి. ఇందుకు జీపీయూ-జెడ్ గానీ హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ చాలు, రెండూ కార్డు వేడి చూపించే సాఫ్ట్‌వేర్లే, సొంత వాడకానికి ఉచితం. ఒక పావుగంట గేమో రెండరో నడిపి కోర్ వేడి (కార్డు వేడిగా మామూలుగా చూపే అంకె), హాట్‌స్పాట్ వేడి రెండూ రాసుకోండి. తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసేసి అదే పని మళ్లీ నడపండి. తలుపు తీయగానే ఎనిమిది, పది డిగ్రీలు తగ్గిందంటే తప్పు కార్డుది కాదు, క్యాబినెట్‌ది. తలుపు తీసినా తేడా లేకుండా, కోర్‌కూ హాట్‌స్పాట్‌కూ మధ్య పాతిక డిగ్రీలు దాటి దూరం కనిపిస్తే అప్పుడు పేస్ట్ మీద అనుమానపడొచ్చు. బాగున్న కార్డులో ఆ దూరం మామూలుగా పది, పదిహేను ఉంటుంది. ఎన్విడియా 50 సిరీస్ కార్డుల్లో హాట్‌స్పాట్ అంకె చూపించదు కాబట్టి వాటికి తలుపు పరీక్ష ఒక్కటే దిక్కు. రెండు లక్షణాలూ లేకుండా ఎండాకాలంలో మాత్రమే వేడెక్కుతోందంటే అది గది వేడి. మన దగ్గర ఎక్కువగా ఉండేది ఇదే.

గది వేడికి పైసా ఖర్చు లేని మందు పవర్ లిమిట్, అంటే కార్డు ఎన్ని వాట్ల దాకా తాగొచ్చో దానికి హద్దు పెట్టడం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో ఆ గీతను 100 శాతం నుంచి 76కి లాగితే 170 వాట్ల 3060 సుమారు 130 వాట్ల దగ్గర ఆగుతుంది. వేడి తేడా దాదాపు వాట్లను బట్టే పెరుగుతుంది, తగ్గుతుంది కాబట్టి 45 కాస్తా 34కి దిగుతుంది. అదే రోహిణి మధ్యాహ్నం, అదే 39 డిగ్రీల గది, కార్డు మాత్రం 84 బదులు 73. పోయే వేగం సాధారణంగా పది శాతం లోపే. చివరి కొద్దిపాటి వేగం కోసం కార్డు లెక్కకు మించి కరెంటు తాగుతుంది. మనం కోసేది ఆ చివరి ముక్కనే. ఫ్యాన్ల మోత కూడా తగ్గుతుంది, అదే గదిలో కూర్చునే మనకూ కాస్త హాయి.

దీని పక్కనే నిలిచేది అండర్‌వోల్ట్. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు నొక్కితే వచ్చే గ్రాఫ్‌లో అదే వేగాన్ని తక్కువ వోల్టేజ్‌కి కట్టేయడం. కోర్ తాగే కరెంటు వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.05 వోల్టుల నుంచి 0.9కి దించగలిగితే లెక్క ప్రకారం పావు వంతుకు పైగా మిగులుతుంది, వేగం పోదు. కాగితం మీద పవర్ లిమిట్ కంటే ఇదే మేలు. కానీ ఒక్కో చిప్ ఒక్కో రకం. ఒకరి కార్డు 0.9 దగ్గర నెలల తరబడి నడుస్తుంది, ఇంకొకరిది గంటకే తెర నల్లగా చేసుకుంటుంది. గేమ్ మధ్యలో ఆగితే విసుక్కుని మళ్లీ ఆడతాం. రేపు పొద్దున పెళ్లివాళ్లకు పెన్‌డ్రైవ్ ఇవ్వాల్సి ఉండగా రాత్రి రెండర్ 80 శాతం దగ్గర ఆగితే మాటలు పడేది మనమే. అందుకే స్టూడియోల వాళ్లకు పవర్ లిమిట్, ఓపికగా సర్దుకునే గేమర్లకు అండర్‌వోల్ట్ అంటాను. కొన్ని ఏఎండీ కార్డుల్లో పవర్ లిమిట్ కొద్దిగా మాత్రమే దించనిస్తారు. వాటికి అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజ్ తగ్గించడమే దారి.

గేమర్లకు ఇంకా తేలికైనది ఫ్రేములకు హద్దు పెట్టడం. సెకనుకు 60 ఫ్రేములే చూపించే 60 హెర్ట్జ్ మానిటర్‌కు 140 ఫ్రేములు తయారుచేసి లాభం లేదు. 60 దగ్గర కట్టేస్తే కార్డు సగం పనితోనే సరిపెట్టుకోవచ్చు. ఎడిటింగ్‌కు మాత్రం ఇది పనికిరాదు.

ఇక గాలి దారి. ఇక్కడ క్యాబినెట్ కంటే ముందు అనుమానించాల్సింది కంప్యూటర్ టేబుల్‌ని. చాలా ఇళ్లలో సీపీయూ పెట్టుకోవడానికి టేబుల్ కింద ఒక గూడు ఉంటుంది, మూడు వైపులా చెక్క, వెనక గోడ. వెనక ఫ్యాన్ వదిలిన వేడి గాలి గోడకు తగిలి తిరిగి ముందు నుంచే లోపలికి పోతుంది. అందులోంచి తీసి బయట ఒక స్టూల్ మీద పెట్టడానికి ఖర్చేమీ లేదు. కొన్నిసార్లు అదొక్కటే చాలు. ముందు భాగమంతా అద్దంతో మూసేసిన క్యాబినెట్లూ ఇదే బాపతు. రంగు లైట్లు బాగుంటాయి గానీ గాలి పీల్చుకోవడానికి సందు ఉండదు. ముందు ఒకటో రెండో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే ఒక్క కార్డుకు ధారాళంగా సరిపోతుంది. తలుపు పరీక్షలో డిగ్రీలు తగ్గినవాళ్లకు పేస్ట్ కంటే ఈ ఫ్యాన్లే మేలు.

తలుపు శాశ్వతంగా తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ రోజుకు పని జరుగుతుంది, కాదనను. కానీ చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలు, కటింగ్ ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లకు ఇది వద్దు. ఆ రాతి పొడి నెల తిరిగేసరికి హీట్‌సింక్ రేకుల మధ్య అట్టకడుతుంది. ఇక తెరిచిన క్యాబినెట్ అంటే బల్లులకు ఇల్లే. విద్యుత్ పరికరాల్లోకి దూరి అవి చేసే షార్ట్ సర్క్యూట్ల సంగతి మన వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఎయిర్ కూలర్ సంగతి కొంచెం చిక్కు. పొడి పడమటి గాలి రోజుల్లో కూలర్ గదిని నిజంగానే చల్లబరుస్తుంది, కార్డుకూ అంత మేర లాభమే. సముద్రపు గాలి తిరిగాక గాలిలో తేమ పెరిగి అదే కూలర్ ఉక్కపోత తప్ప ఏమీ ఇవ్వదు. ఎలాంటి రోజైనా దాన్ని సీపీయూ వైపు తిప్పి పెట్టొద్దు. చాలా ఊళ్లలో కూలర్‌లో పోసేది ఉప్పు బోరు నీళ్లే. సన్నటి తుంపర్లు బోర్డు మీద పడి ఆరితే తెల్లటి పొరగా మిగులుతాయి. తేమ తగిలినప్పుడల్లా ఆ పొర చిప్‌ల కాళ్లను తినేస్తుంది. ఏసీ ఉన్న గదైతే ఈ గొడవే లేదు. 39 బదులు 26 ఉంటే కార్డు కూడా అన్ని డిగ్రీలూ దిగుతుంది. అలాగని కార్డు కోసం ఏసీ కొనమని ఎవరూ చెప్పరు.

అన్నీ చూశాక కూడా హాట్‌స్పాట్ దూరం అలాగే ఉంటే పేస్ట్ దగ్గరికి రావాలి. మూడు, నాలుగేళ్లు గట్టిగా వాడిన కార్డులో పేస్ట్ ఎండిపోవడం, పక్కలకు జారిపోవడం మామూలే. అలాంటప్పుడు మారిస్తే పది డిగ్రీలకు పైగా దిగొచ్చు. బాగున్న పేస్ట్‌ను మారిస్తే వచ్చేది రెండు, మూడు డిగ్రీలే. ఎంఎక్స్-4 లాంటి మామూలు పేస్ట్ చాలు. హనీవెల్ పీటీఎం7950 షీట్ దొరికితే ఇంకా మంచిది, అది వేడికి మెత్తబడి సర్దుకుంటుంది, పేస్ట్‌లా పక్కలకు జారిపోదు. నెల్లూరు వాళ్లు ఇలాంటి వాటికి చెన్నై రిచీ స్ట్రీట్‌కి రైలెక్కడం పరిపాటే. అసలు జాగ్రత్త పేస్ట్‌లో కాదు, మెమరీ చిప్‌ల మీద ఉండే థర్మల్ ప్యాడ్‌ల మందంలో ఉంది. 1 మిల్లీమీటరు ఉండాల్సిన చోట 2 మిల్లీమీటర్లది పెడితే హీట్‌సింక్ ప్రధాన చిప్‌కు సరిగ్గా ఆనదు, ముందుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. షాపులో ఇచ్చేటప్పుడు ‘ప్యాడ్‌లు చిరిగితే ఏ మందంవి వేస్తారన్నా?’ అని అడగండి. జవాబు తడబడితే కార్డు వెనక్కి తీసుకోండి. వారంటీ ఉంటే స్క్రూ మీద స్టిక్కర్ తీసే ముందు కంపెనీ షరతులు చదవండి.

దుమ్ము దులపడం మాత్రం వేరే సంగతి, అది అందరూ చేయాల్సిందే. బ్లోయర్ కొట్టేటప్పుడు కార్డు ఫ్యాన్‌ను వేలితో కదలకుండా పట్టుకోండి, గాలి వేగానికి గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది. బైక్ సర్వీస్ సెంటర్ కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, ఆ గాలిలో నీళ్లు, నూనె ఉంటాయి.

పవర్ కేబుల్ కూడా అక్కర్లేని 75 వాట్ల జీటీఎక్స్ 1650, 1050 టీఐ రకం కార్డు 85 దాటుతోందంటే వాట్ల లెక్క వదిలేసి నేరుగా ఫ్యాన్ చూడండి, దాదాపుగా ఫ్యాన్ అరిగిపోయి ఉంటుంది లేదా రేకులు దుమ్ముతో మూసుకుపోయి ఉంటాయి. ఫ్యాన్ స్టిక్కర్ మీద ఉన్న నంబరుతో వెతికితే విడిగా దొరుకుతుంది. 50, 60 డిగ్రీల దాకా ఫ్యాన్ తిరగకపోవడం మాత్రం చాలా కొత్త కార్డుల్లో ఉన్న ఏర్పాటే, దాన్ని చూసి చెడిపోయిందనుకోవద్దు.

కొత్త కార్డు కొనడం అన్నిటికంటే చివర. వేడి కోసమే అయితే అస్సలు వద్దు. ఎలాగూ మార్చే ఉద్దేశం ఉంటే వేగంతో పాటు వాట్లు కూడా చూసి కొనండి. 185 వాట్ల పాత ఆర్ఎక్స్ 580 కంటే 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 చాలా ఎక్కువ పని చేస్తుంది, మన మే నెలలో ఆ 70 వాట్ల తేడా గదిలో కూడా తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చే 580లలో క్రిప్టో కరెన్సీ మైనింగ్‌కు రాత్రింబవళ్లు వాడినవి ఉంటాయి. వాటిని కొనేముందు షాపులోనే పావుగంట నడిపించి, వేడి ఎంత చేరుతోందో చూసి, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయో లేదో గమనించాకే డబ్బులివ్వండి.